సేతుతీరమున గంగోదకము

"ఆసేతుహిమాచలము" అను మాట పలుకునపుడు మన దృష్టి హిమాచలము వైపునకే పోవును. ఔన్నత్యము కనులను ఆకర్షించుట సహజము. కాని ఆ మాట ఆరంభమగుచున్నది సేతువుతో. హిమాచలమున శిల కలదు, మంచు కలదు, శిఖరము కలదు. సేతువున్న చోట కనబడునది ఇసుక మాత్రమే. గంధమాదన పర్వతమని పురాణప్రసిద్ధమైన స్థలము సైతము అక్కడ ఒక చిన్న మిట్టయే. భరతఖండమును ఒక దేహముగా భావించిన పెద్దలు దాని శిరస్సును శిలపైనను, పాదమును ఇసుకపైనను నిలిపిరి. ఇందొక బోధ కలదేమో సాధకులు ఆలోచింపదగును.

తమిళనాడున రామనాథపురము జిల్లాకు చెందిన పాంబన్ ద్వీపము ఉత్తరమున పాక్ అఖాతమునకును, దక్షిణమున మన్నారు సింధుశాఖకును నడుమ ఉన్నది. ద్వీపమున తూర్పుతీరమున శ్రీ రామనాథస్వామి దేవాలయము వెలసినది. అచటినుండి ఆగ్నేయముగా సన్నని ఇసుకపట్టీ వలె సాగి సముద్రమున ముగియునది ధనుష్కోటి. రామేశ్వరము ద్వాదశ జ్యోతిర్లింగములలో ఒకటి. బదరి, ద్వారక, పూరి, రామేశ్వరము అను చతుర్ధామములలో శివక్షేత్రము ఇది యొక్కటే. తక్కిన మూడును విష్ణుస్థానములు. ఇచటి శివుని ప్రతిష్ఠించినవాడు రాముడు. కావున హరిహరులకు భేదము చెప్పుటకు ఈ ద్వీపమున తావు లేదు.

సీతాదేవి చేసిన లింగము

స్కాందపురాణమున బ్రహ్మఖండములోని సేతుమాహాత్మ్యము ఈ క్షేత్రకథను విస్తరించి చెప్పుచున్నది. రావణుడు విశ్రవసుని కుమారుడు, జన్మచేత బ్రాహ్మణుడు. అతనిని వధించిన దోషము తొలగుటకై శివలింగమును ప్రతిష్ఠింపుమని మునులు రామునకు చెప్పిరి. లింగమును తెచ్చుటకు హనుమంతుడు కైలాసమునకు వెళ్లెను. ముహూర్తము సమీపించినను అతడు రాలేదు. అప్పుడు సీతాదేవి తీరమునందలి ఇసుకను చేర్చి లింగముగా చేసెను. రాముడు దానిని ప్రతిష్ఠించెను. పిదప వచ్చిన హనుమంతుడు తన శ్రమ వ్యర్థమైనదని దుఃఖించి, ఆ ఇసుకలింగమును వాలముతో పెకలింప యత్నించి విఫలుడాయెను. రాముడు అతనిని ఊరడించి, అతడు తెచ్చిన లింగమును సమీపముననే నిలిపి, మొదటి పూజ దానికే జరుగునట్లు కట్టడి చేసెను. నేటికిని విశ్వలింగమునకు ముందు, రామలింగమునకు పిదప అర్చన జరుగుచున్నది.

వాల్మీకి రామాయణమున ఈ ప్రతిష్ఠాకథ లేదు. అయినను యుద్ధకాండమున పుష్పకముపై తిరిగి వచ్చుచు రాముడు సీతకు సేతువును చూపి, ఈ స్థలముననే మహాదేవుడు తనను అనుగ్రహించెనని చెప్పును. ఆదికావ్యమున బీజముగా ఉన్న మాట పురాణమున వృక్షమైనదని భావించుట సముచితము.

"రామేశ్వర" శబ్దమునకు మూడు విధముల విగ్రహము చెప్పుట పండితుల సంప్రదాయము. రాముని దృష్టిలో అది తత్పురుషము: రామునకు ఈశ్వరుడు. శివుని దృష్టిలో అది బహువ్రీహి: రాముడే ఈశ్వరుడుగా గలవాడు. దేవతల దృష్టిలో అది కర్మధారయము: రాముడే ఈశ్వరుడు. మొదటి రెంటిలో ఒకరు మరొకరికి నమస్కరించుచున్నారు. మూడవదానిలో నమస్కరించుటకు ఇద్దరు లేరు. ద్వైతమునుండి అద్వైతమునకు పోవు త్రోవ ఒక్క సమాసమున ఇమిడియున్నది.

గ్రీష్మాంతమున

జ్యేష్ఠమాసమున గోదావరీతీరమునందలి జనులు మృగశిర కార్తె చినుకులకు ఎదురుచూచుచుందురు. రామేశ్వరమునకు ఆ ఆశ లేదు. నైరుతి వాయువులు ఈ ద్వీపమునకు వర్షమును అరుదుగా తెచ్చును. గాలిని మాత్రము సమృద్ధిగా తెచ్చును. ఇచట వానలు ప్రధానముగా ఈశాన్య ఋతుపవనముల వలన, ఆశ్వయుజ కార్తికములలో కురియును. అందువలన గ్రీష్మాంతమున ఆకాశము తెల్లగా, ఇసుక వేడిగా, గాలి ఎడతెగక ఉండును. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మత్స్యసంతతి రక్షణకై మరపడవల వేట నిషిద్ధము. ఆ దినములలో పడవలు వరుసగా లంగరు వేసి ఉండును. బెస్తలు తీరమున వలలు బాగుచేసికొనుచుందురు.

అట్టి దినములలో, రాజమహేంద్రవరమునుండి ఒక విశ్రాంత సంస్కృతోపాధ్యాయులు తమ కుమార్తెతో రామేశ్వరమునకు వచ్చిరి. మాస్టారికి డెబ్బది దాటినవి. ముప్పది యేండ్లు విద్యార్థులకు శబ్దమంజరి మొదలు వేదాంతప్రకరణముల వరకు బోధించినవారు. కుమార్తె భాగ్యనగరమున ఉద్యోగము చేయుచున్నది. చెన్నైలో ఎక్కిన రైలు తెల్లవారి నూతన పాంబన్ వంతెనపై సముద్రమును దాటెను. 1914 నాటి పాత వంతెన అప్పటికి ప్రక్కనే నిలిచియుండెను. 2025 శ్రీరామనవమి నాడు ప్రారంభమైన క్రొత్త వంతెనలో 72.5 మీటర్ల భాగము ఓడలకు త్రోవ ఇచ్చుటకై నిలువుగా పైకి లేచును. తక్కిన యాత్రికులు గవాక్షముల యొద్ద చేరి చూచుచుండగా, కుమార్తె మాత్రము ఒడిలోని సంచిని వదలక పట్టుకొని కూర్చుండెను. ఆ సంచిలో ఒక చిన్న రాగిచెంబు ఉన్నది.

అది గంగచెంబు. తెలుగువారి దేవతార్చన మందిరములలో అట్టి చెంబులు ఇంటింటను కనబడును. కాశికి పోయినవారు గంగోదకమును అందు నింపించి, మూతకు తగరము అతికించి తెత్తురు. తిరిగివచ్చిన పిదప గంగపూజ, సమారాధన చేయుదురు. అంతటితో పని ముగిసినదని పలువురు తలంతురు. నిజమునకు ఆ నీరు రామేశ్వరమున రామనాథుని అభిషేకమునకు చేరవలెను. సేతువునందలి ఇసుక ప్రయాగకు చేరి త్రివేణిలో కలియవలెను. అప్పుడుగాని కాశీరామేశ్వరయాత్ర పూర్ణము కాదని సంప్రదాయము.

మాస్టారి సతీమణి పదునొకండు సంవత్సరముల క్రిందట బంధువులతో కాశికి పోయి ఆ చెంబును తెచ్చినది. "రామేశ్వరము మనమిద్దరము కలిసి వెళ్దాం" అని మగనితో చెప్పినది. ఒక ఏడు పాఠశాల పనులు, ఒక ఏడు కుమార్తె వివాహము, ఆ పిదప మోకాళ్ల నొప్పులు, ఆ పిదప మందులకు లొంగని వ్యాధి. ప్రతి కార్తికమునను ఆమె చెంబునకు కుంకుమ పెట్టి, "వచ్చే ఏడు" అనుచుండెడిది. ఆమె గతించి రెండేండ్లు కావచ్చెను. సాంవత్సరికము జరిగిన తరువాత కుమార్తె పట్టుబట్టి తండ్రిని ప్రయాణము చేయించినది.

మూత తెరువని చెంబు

తెల్లవారుజామున స్ఫటికలింగ దర్శనము చేసికొని, అగ్నితీర్థమున సముద్రస్నానము ముగించిరి. అంతట పురోహితుడు చెంబును చూచి, "మూత తీయించుకు రండి. అభిషేకానికి ఇచ్చేటప్పుడు నీరు కనబడాలి" అనెను. సన్నిధివీధిలో పాత్రల అంగడి యొద్ద మూత ఊడదీయుదురని దారి చూపెను.

మాస్టారు కదలలేదు. ప్రాకారపు గోడనీడలో కూర్చుండి చెంబును రెండు చేతులతో పట్టుకొనియుండిరి. కుమార్తె కొంతసేపు ఊరకుండి, పిదప మెల్లగా అనెను:

"నాన్నగారూ, మీకు చెప్పలేదు. ఇంటి దగ్గర ఒకసారి చెంబు కదిపి చూశాను. నీళ్ల చప్పుడు వినిపించలేదు."

"నాకు తెలుసమ్మా" అనిరి మాస్టారు. "నాలుగేళ్లుగా తెలుసు. ఒక కార్తికమాసంలో తుడుస్తుంటే తేలికగా అనిపించింది. అతుకులో ఎక్కడో సన్నని సందు ఉండి ఉంటుంది. మీ అమ్మ అప్పటికే మంచం మీద ఉంది. ఆమెతో ఏమని చెప్పను?"

ఈ మాటతో కుమార్తెకు తండ్రి ఇన్నాళ్లు ప్రయాణము వాయిదా వేయుటకు కారణము తెలిసినది. మోకాళ్లు కాదు, ఎండ కాదు. మూత ఉన్నంతకాలము వ్రతము నెరవేరినదియు కాదు, భంగమైనదియు కాదు. మూత తెరచినచో రెంటిలో ఒకటి తేలిపోవును. సతి మిగిల్చిపోయిన ఒక్క కోరిక శూన్యపాత్రయై తేలునేమో అను భయము ఆయనను ఇంట కూర్చుండబెట్టినది.

ఘటాకాశ దృష్టాంతము వేదాంతవిద్యార్థులందరకు పరిచితము. కుండలోని ఆకాశము, వెలుపలి ఆకాశము వేరుగా తోచుచున్నవి. కుండ పగిలినచో లోపలి ఆకాశము ఎచటికిని పోదు, వచ్చి కలియునదియు లేదు, ఏలయన అది ఎన్నడును వేరు కాదు. గౌడపాదాచార్యులు మాండూక్యకారికలలో అద్వైతప్రకరణమున ఈ దృష్టాంతమును విచారించియున్నారు. మాస్టారు దీనిని ఎందరికో బోధించిరి. కాని బోధించునపుడు కుండ ఎవరిదో కుండ. ఇపుడు తమ చేతిలోని చెంబు తమ ఇంటిది. దానిపై పదునొకండేండ్ల కుంకుమ మరక ఉన్నది. దృష్టాంతము దార్ష్టాంతికమగు క్షణమున విద్య తొట్రుపడును. ఇది విద్యాదోషము కాదు. శ్రవణము, మననము, నిదిధ్యాసనము అని మూడు మెట్లు చెప్పబడుటకు కారణము ఇదియే. విన్నది నిజమేనని తెలియుట వేరు. తెలిసినదానియందు నిలుచుట వేరు. అద్వైతము వ్యావహారికమున దుఃఖము లేదని చెప్పదు. దుఃఖమునకు ఆధారమైన వేర్పాటును విచారింపుమని మాత్రమే చెప్పును.

"శూన్యంగా ఉంటే ఉండనివ్వండి నాన్నగారూ. అమ్మ మొక్కుకున్నది ఇక్కడికి రావడం. వచ్చాం కదా" అనెను కుమార్తె.

మాస్టారు లేచిరి. అంగడివాడు చాకుమొనతో తగరపు అతుకును చుట్టును గీకి మూతను పైకి లేపెను. అంచున పచ్చని కిలుము పేరుకొనియుండెను. అడుగున నీరున్నది. ఉద్ధరిణెతో తీసిచూచినచో నాలుగైదు ఉద్ధరిణెలు. అంతే. కాని స్వచ్ఛముగా ఉన్నది. మాస్టారు చాలసేపు దానినే చూచి, చెంబుపై అరచేతిని కప్పి, గాలికి ఇసుక పడకుండ దేవాలయమునకు తెచ్చిరి.

పురోహితుడు చూచి ఆశ్చర్యపడలేదు. అట్టి చెంబులు ఎన్నింటినో చూచినవాడు. "చాలండి. లోపల గంగాతీర్థం ఉంది కదా. ఆ నీరు ఇందులో చేర్చి ఇద్దాం. చేరిన తరువాత ఏది ఏ గంగో ఎవరు చెబుతారు?" అనెను. ముప్పది యేండ్లు తాము పాఠముగా చెప్పిన మాట ఒక పురోహితుని నోట పనిమాటగా వెలువడగా మాస్టారు చిరునవ్వు నవ్విరి. ఇల్లు విడిచినది మొదలు ఆయన నవ్వుట కుమార్తె అదే చూచినది.

ఉప్పునీటి నడుమ తీపినీరు

ఆలయప్రాంగణమున 22 తీర్థములు కలవు. మహాలక్ష్మీతీర్థము, గాయత్రీతీర్థము, సేతుమాధవతీర్థము, నలతీర్థము, గంగ, యమున, గయ, చివరిది కోటితీర్థము. వీనిలో పెక్కు బావులే. బావియొద్ద నిలిచినవారు త్రాటితో చేదను వదలి నీరు తోడి యాత్రికుల తలపై పోయుదురు. సముద్రము సమీపముననే ఉండగా ఈ బావులలో త్రాగదగిన నీరు ఉండుట యాత్రికులను ఆశ్చర్యపరచును.

ప్రకృతిశాస్త్రము దీనికి చెప్పు కారణము తాత్త్వికునకును ఉపకరించును. ఇసుకనేలపై పడిన వాన వెంటనే లోనికి ఇంకును. వాననీరు ఉప్పునీటికంటె తేలిక. కావున అది భూగర్భమునందలి ఉప్పునీటిపై ఒక పొరగా తేలియుండును. ఇసుకరేణువుల నడుమ కదలిక మందముగా ఉండుటచేత రెండును త్వరగా కలియవు. అందుచేతనే ధనుష్కోటి ఇసుకలో చేతులతో గుంట త్రవ్వి బెస్తకుటుంబములు మంచినీరు తోడుకొనుచున్నవి. లోతుగా త్రవ్వినచో ఉప్పునీరే వచ్చును. ఆశ మీరి తోడినను ఉప్పునీరే వచ్చును. మితముగా, ఓర్పుతో తీసికొన్నవానికే తీపినీరు. సంసారమున శాంతిని వెదకువానికి వేరొక ఉపమానము అక్కరలేదు.

తీర్థస్నానములు ముగిసిన పిదప సంకల్పము. పురోహితుడు అలవాటు చొప్పున "ధర్మపత్నీసమేతస్య" అనెను. మాస్టారి స్వరము ఆగిపోయినది. ఆ ఒక్క పదము ఆయన నలుబది యేండ్లు ప్రతిదినము పలికినది. కుమార్తె తల వంచుకొనెను. పురోహితుడు సంగతి గ్రహించి, ఆ పదమును విడిచి, మెల్లగా అనెను: "అయ్యా, యాత్ర మొదలుపెట్టినది అమ్మగారు. మిగిలిన సగం మీరు చేస్తున్నారు. ఈ కర్మలో ఆవిడ లేరని నేను అనను."

ఈ మాటకు శాస్త్రబలము కలదు. జైమినిసూత్రములలో ఆరవ అధ్యాయము అధికారవిచారము. యజ్ఞకర్మయందు దంపతులకు సహాధికారమని, ఫలమున ఇరువురికి భాగమని మీమాంసకులు నిర్ణయించిరి. భార్య "సహధర్మచారిణి" అనుట మర్యాదకై చెప్పిన మాట కాదు, కర్మనిర్ణయము. ఉత్తరకాండమున రాముడు సీత చెంత లేనపుడు స్వర్ణప్రతిమను నిలిపి యజ్ఞము చేసెనే కాని, ఆమె స్థానమును శూన్యముగా విడువలేదు, ఇతరులకు ఇయ్యలేదు. మరియు ఈ క్షేత్రమున నిలిచినది దంపతుల కర్మయే. ఇసుకను చేర్చిన చేతులు సీతవి, ప్రతిష్ఠించిన చేతులు రామునివి. ఒకరు మొదలిడినది మరొకరు ముగించుట ఇచట క్షేత్రధర్మము.

మాస్టారు సంకల్పమును తమ మాటలలో పూర్తిచేసి, చెంబును అర్చకుల చేతికి పంపిరి. గర్భాలయమున అభిషేకధార లింగముపై పడుట దూరమునుండి దీపపు వెలుగులో లీలగా కనబడెను. ఎంత కాశిదో, ఎంత రామేశ్వరముదో తెలియని నీరు క్షణమాత్రమున జారిపోయెను. శూన్యమైన చెంబు తిరిగి వచ్చెను. ఇన్నాళ్లు భయపడిన శూన్యపాత్ర చేతికి వచ్చినపుడు దానియందు భయపడదగినది ఏదియు కనబడలేదని మాస్టారు ఆ సాయంకాలము కుమార్తెతో చెప్పిరి.

బయటికి వచ్చు త్రోవ మూడవ ప్రాకారము వెంబడి. ద్వీపమున ఇట్టి శిల లభింపదు. బయటినుండి తెచ్చిన శిలలతో, 18వ శతాబ్దమున సేతుపతుల కాలమున పూర్తియైన ఈ మండపము యొక్క స్తంభపంక్తులు చూపు ఆనునంత దూరము సాగుచున్నవి. రామనాథపురపు పాలకులు తమను రాజులమని చెప్పుకొనుటకంటె సేతుపతులమని, సేతురక్షకులమని చెప్పుకొనిరి. వారిలో భాస్కర సేతుపతి 1897 జనవరి 26న పాశ్చాత్యదేశములనుండి తిరిగివచ్చిన వివేకానందస్వామికి పాంబన్ తీరమున స్వాగతము పలికెను. పిదప ఈ ఆలయముననే స్వామి ప్రసంగించి, ప్రతిమయందు మాత్రమే శివుని చూచువాని పూజ ఆరంభదశలోనిదని, దీనులయందు, దుర్బలులయందు, రోగులయందు శివుని చూచి సేవించువాడే నిజమైన పూజకుడని భావము గల ఉపదేశము చేసిరి. రోగశయ్యపై ఉన్న సతికి ఏండ్ల తరబడి సేవచేసిన మాస్టారు ఆ ఉపదేశమును స్మరించునపుడు, తాము రామేశ్వరమునకు ఆలస్యముగా వచ్చిరా, లేక ఇంటనే కొంత అభిషేకము జరిగిపోయినదా అని కుమార్తె మనస్సున తలంచెను.

ధనుష్కోటి

మరునాడు ఉదయము ధనుష్కోటికి ప్రయాణము. రామేశ్వరమునుండి సుమారు 20 కిలోమీటర్లు. త్రోవలో విభీషణుడు శరణుజొచ్చిన స్థలమున కోదండరామస్వామి ఆలయము నిలిచియున్నది. ఆవల శిథిలములు. ఒకప్పుడు మద్రాసునుండి బోట్ మెయిల్ రైలు ధనుష్కోటి వరకు వచ్చెడిది. యాత్రికులు అచట ఓడ ఎక్కి సింహళమున తలైమన్నారుకు పోయెడివారు. స్టేషను, తపాలా కార్యాలయము, చర్చి, ఇండ్లు, సత్రములు గల పట్టణము. 1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన పెనుతుపానులో సముద్రము ఊరిని కప్పివేసినది. పాంబన్‌నుండి వచ్చుచున్న రైలు యాత్రికులతో సహా కొట్టుకొనిపోయినది. పిదప ఆ ఊరు నివాసయోగ్యము కాదని ప్రభుత్వము ప్రకటించినది. చర్చి గోడలు కొన్ని నేటికిని ఇసుకలో నిలిచియున్నవి. కోదండరాముని ఆలయము మాత్రము ఆ తుపానుకు నిలిచినది.

ఇసుకపై కట్టినది నిలువదని లోకోక్తి. ఇచట ఇటుకతో కట్టినది పోయినది. ఇసుకతో చేసినది గర్భాలయమున నిలిచియున్నదని విశ్వాసము. ఇందలి మర్మము ద్రవ్యమున లేదు. ఇటుకయు పోవును, ఇసుకయు పోవును, శిలయు ఒకనాటికి ఇసుకయగును. నామరూపములు గల ఏ వస్తువునకైనను ఇదే గతి. నిలుచునది సంకల్పము, అంతకంటెను, సంకల్పమునకు సాక్షియైన చైతన్యము. ధనుష్కోటి మృతులను తలచి నమస్కరింపక ఈ మాట అనుట తగదు. వైరాగ్యవాక్యము ఇతరుల దుఃఖముపై నిలిచి పలుకదగినది కాదు. మాస్టారు శిథిలముల యొద్ద బండి ఆపించి, ఆ రాత్రి గతించినవారికి, గోత్రనామములు తెలియని వారందరకు, మూడు దోసిళ్ల నీరు వదలిరి.

ఇసుకపట్టీ కొసకు పోవునపుడు ఒకవైపు మహోదధి, మరొకవైపు రత్నాకరము. స్థానికులు తమ భాషలో ఒకదానిని ఆడుకడలి, మరొకదానిని మగకడలి అందురు. నైరుతిగాలి వీచు ఈ దినములలో దక్షిణపు సముద్రము ఉప్పొంగి తీరమును కొట్టుచుండును. ఉత్తరపుది కొలను వలె మౌనముగా ఉండును. గాలి మారిన ఋతువున స్వభావములును మారిపోవును. రెంటి నడుమ ఇసుక వెడల్పు కొద్ది అడుగులే. క్షోభయు శాంతియు ఒక్క జలమునకే చెందిన రెండు దశలని చూపుటకు ఇంతకంటె స్పష్టమైన స్థలము లేదు.

రాముడు మూడు రాత్రులు దర్భలపై శయనించి సముద్రుని ప్రార్థించినది ఈ తీరప్రాంతముననే. నలుని పర్యవేక్షణలో వానరులు మొదటి దినమున 14, పిదప 20, 21, 22, 23 యోజనములుగా అయిదు దినములలో నూరు యోజనముల సేతువును కట్టిరని వాల్మీకి లెక్క చెప్పెను. దినదినము పని పెరిగినదే కాని తరుగలేదు. తెలుగు పాఠకులకు ప్రియమైన ఉడుత కథ వాల్మీకమున లేదు. 13వ శతాబ్దమున గోన బుద్ధారెడ్డి రచించిన రంగనాథరామాయణమున కలదు. సముద్రమున మునిగి, ఇసుకలో పొరలి, ఆ ఇసుకను సేతువుపై విదిలించిన చిన్నప్రాణి అది. కొండలు మోసినవారి నడుమ ఇసుకరేణువులు మోసినదానిని రాముడు గుర్తించెను. నాలుగైదు ఉద్ధరిణెల గంగను తెచ్చినవారికి ఈ కథ ఊరట కలిగించుటలో వింత లేదు.

మరల ఉత్తరమునకు

తీరమున పురోహితుడు సేతుపూజ చేయించెను. ఇసుకతో లింగములు చేయించి, పూజానంతరము కొంత ఇసుకను సముద్రమున కలిపించి, కొంత ప్రయాగకు తీసికొనిపోవుటకు ఇచ్చెను. ఇసుకను చేర్చుటకు మాస్టారు వంగలేకపోగా, కుమార్తె మోకాళ్లపై కూర్చుండి చేతులతో దగ్గరచేసెను. ఎండిన ఇసుక నిలువలేదు. తడి తగిలిన పిదపనే రూపము పట్టెను.

"దేనిలో పట్టుకెళ్తారు?" అనెను పురోహితుడు. కుమార్తె సంచినుండి రాగిచెంబును తీసెను. అదివరకే కిలుము పోవునట్లు చింతపండుతో తోమియుంచినది. ఇసుకను తెల్లని వస్త్రఖండమున మూటగట్టి అందులో ఉంచెను.

"నేను ప్రయాగదాకా రాగలనో లేనో అమ్మా" అనిరి మాస్టారు.

"మీరు రాకపోతే నేను తీసుకెళ్తాను. నేను వెళ్లలేకపోతే నా కూతురు తీసుకెళ్తుంది. ఈసారి మూత మాత్రం అతికించవద్దు" అనెను ఆమె.

ఈ మాటలో సాధకులు గ్రహింపవలసినది కలదు. కాశీరామేశ్వరయాత్రను రచించిన ఋషులు దానిని ఒక్క దిక్కున ముగియునట్లు చేయలేదు. నీరు దక్షిణమునకు వచ్చును, ఇసుక ఉత్తరమునకు పోవును. పూర్వకాలమున ఈ యాత్రకు నెలలు, సంవత్సరములు పట్టెడివి. బయలుదేరినవారందరు తిరిగి వచ్చెడివారు కాదు. ఒకరి చేతిలోని పాత్రను మరొకరు అందుకొనినందుననే యాత్ర నిలిచినది. వ్రతమును తన ఒక్క ఆయుర్దాయముతో కొలుచుకొనువానికి అది ఎల్లప్పుడు అసంపూర్ణముగానే తోచును. తాను ఒక ధారలో బిందువునని తెలిసికొనినవానికి అసంపూర్తి అనునది లేదు.

ఇంట దేవతార్చన మందిరమున గంగచెంబు గలవారు ఒకసారి దానిని చేతిలోనికి తీసికొని చూడుడు. బరువుగా ఉండవచ్చును, తేలికగా ఉండవచ్చును. తేలికగా ఉన్నదని భయపడి దాచవలదు. పెద్దలు ఉన్నపుడే వారిని వెంటబెట్టుకొని బయలుదేరుడు. వారు లేరేని వారి పేరు చెప్పుకొని బయలుదేరుడు. నీరు ఎంత మిగిలినదని రామనాథుడు అడుగడు.

సర్వం శ్రీరామనాథార్పణమస్తు.